గోడ అవతలి పొగగొట్టం

"నీళ్ళు తీసెయ్యొద్దు మావయ్యా, అలా ఉండనీ" అన్నాడు మేనల్లుడు.

చల్లారాక నీళ్ళు వదలడానికని వాల్వు చక్రానికి ముందే నూనె రాస్తున్న బాయిలర్ మేస్త్రి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఈ బాయిలర్‌ని వెలిగించేదీ ఆర్పేదీ అతనే. ఏడాదికోసారి ఆర్పినప్పుడల్లా ఒకటే వరస. నిప్పు బయటికి లాగెయ్యాలి, చల్లారనివ్వాలి, అడుగునున్న వాల్వు తిప్పి నీళ్ళన్నీ వదిలెయ్యాలి, మూత విప్పి లోపల ఆరబెట్టాలి. శాశ్వతంగా మూసేసే బాయిలర్‌లో ఎవరూ నీళ్ళుంచరు. ఉంచారంటే మళ్ళీ వెలిగిస్తారనే అర్థం. ఆ సంగతి మేనల్లుడికి నేర్పింది కూడా అతనే.

అయినా ఆ సోమవారం పొద్దున అతని బుర్రకి అది తట్టలేదు. ఇన్నేళ్ళు సేవ చేసినదాన్ని ఖాళీ కడుపుతో పడుకోబెట్టడం వీడికీ ఇష్టం లేదు కాబోలు అనుకుని, భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఎంత పనిమంతుడైనా తను ప్రేమించిన యంత్రం దగ్గర వట్టి వెర్రిబాగులవాడే.

బయట అద్దకం మిల్లు జనమంతా పోగయ్యారు. మిల్లు కప్పు మీద కొత్తగా బిగించిన సోలార్ పలకలు ఎండకి మెరుస్తున్నాయి. యజమాని పక్కన బ్యాంకు నుంచి వచ్చిన ఇద్దరు, వాళ్ళ పక్కన సముద్రం అవతల బట్టలమ్మే కంపెనీ మనిషి ఒకాయన. ఇక బొగ్గు కాల్చడం ఆఖరు అని చెప్పుకునే పండగది. మేస్త్రి పొడుగాటి ఇనప కొక్కేనికి రెండు చేతులూ వేసి, పొయ్యిలోంచి ఆఖరి నిప్పుని గడ్డలు గడ్డలుగా బయటికి లాగాడు. ఫోటో సరిగ్గా రాలేదన్నాడు ఫోటోగ్రాఫరు. బొగ్గు మోసే తెల్లదొర ఆ నిప్పుల్నే పారతో ఎత్తి లోపల పోశాడు. మేస్త్రి మళ్ళీ లాగాడు. ఈసారి యజమాని కళ్ళు మూసుకున్నాడట. ఆఖరి నిప్పు మూడుసార్లు లాగితేగాని ఆఖరు కాలేదు.

తెల్లదొర అంటే నిజంగా దొరేం కాదు. యాభై దాటినవాడు, ఒళ్ళంతా బొగ్గుమసితో పళ్ళూ కళ్ళూ తప్ప ఏమీ కనిపించని మనిషి కాబట్టి మిల్లులో అందరూ అలా పిలుస్తారు.

"ఇక స్నానం చేస్తే ఎవరూ గుర్తుపట్టరేమో మేస్త్రీ" అన్నాడు తెల్లదొర, నిప్పుల మీద నీళ్ళు చల్లుతూ.

మేనల్లుడు మైకు పట్టుకున్నాడు. ఇప్పుడు వాడు మిల్లులో కరెంటూ ఆవిరీ చూసే ఇంజనీరు. "ఈ రోజు నుంచి మన మిల్లులోంచి పొగ రాదు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. వాడు ఏడో ఏట నీటిమట్టం చూపే గాజుగొట్టం ముందు నిలబడి, నీళ్ళెక్కడున్నాయో వేలితో చూపించిన రోజు మేస్త్రికి గుర్తొచ్చింది. మనవాడు ఎంతవాడయ్యాడు అనుకున్నాడు.

జనం చెదిరాక వాడే కాగితాలు తెచ్చాడు. "బాయిలర్ మూసేసినట్టు ఫారాలు మావయ్యా, పెన్సిల్ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం పెట్టెయ్." మేస్త్రి కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది; నిప్పు లాగేటప్పుడు ఎప్పుడూ పెట్టుకోడు. ఉన్నా చదివేవాడు కాదు. మేనల్లుడిచ్చిన కాగితం చదవడమంటే వాణ్ణి అనుమానించడమే. బాయిలర్ వీపుకి ఆనించి, ఇంకా వెచ్చగా ఉన్న ఆ రేకు మీదే, తొమ్మిది చోట్ల సంతకం పెట్టాడు.

మేస్త్రి అక్క ఇల్లు మిల్లు వెనక వీధిలో ఉంది. వెనక గదిలో మేస్త్రి, ముందు రెండు గదుల్లో అక్క, ఆవిడ ఉతుకు మిషన్లు రెండు. మేనల్లుడు ఆవిడ కొడుకే; వాడు మిల్లు క్వార్టర్లకి వెళ్ళిపోయి మూడేళ్ళయింది. ఆవిడ పని బట్టలుతకడం. మేడ మీద ఆరు వరసల తీగలు. తెల్లబట్టలకి మాత్రం ఆవిడ ఎప్పుడూ ఒప్పుకునేది కాదు. పొగగొట్టం అటు తిరిగితే గంటలో వాటి మీద మిరియాల పొడి చల్లినట్టు మసి.

ఆ పొగ మీద ఆవిడ కాళ్ళరిగేలా తిరిగి, వీధిలో అరవై ఇళ్ళవాళ్ళ చేత అర్జీ మీద సంతకాలు పెట్టించింది. రెండు నెలల కిందట ఆ అర్జీని ఆపించింది మేస్త్రి. "బొగ్గు మానేస్తున్నారక్కా, మనవాడే దగ్గరుండి చేయిస్తున్నాడు. ఇప్పుడు నువ్వు అర్జీ పెడితే వాడికే తలవంపులు" అన్నాడు. ఆవిడ తమ్ముడి మొహంలోకి చూసి, అర్జీని మడతపెట్టి బట్టల సబ్బుల పెట్టె అడుగున పడేసింది.

అదే ధైర్యంతో ఆసుపత్రి దుప్పట్లకి ఒప్పుకుంది. పది రోజులు ఉతికిచ్చాక ఒక్క దుప్పటి కూడా వెనక్కి రాకపోతే ఏడాది పని ఆవిడదే. వచ్చిందంటే మాత్రం మళ్ళీ ఆ గుమ్మం ఎక్కనివ్వరు.

మంగళవారం, బుధవారం, గురువారం మేడ మీద ఎనభై తెల్ల దుప్పట్లు ఆరాయి. పనిలేని మేస్త్రి ఒక చివర పట్టుకుంటే అక్క ఇంకో చివర పట్టుకుని విదిలించేది. మూడో రోజు సాయంత్రం ఆవిడ ఒక దుప్పటిని వెలుగుకి ఎత్తి పట్టుకుని, ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతికింది. ఒక్క చుక్క లేదు.

"ఇరవై రెండేళ్ళు ఎంత మసి పోశావురా నా నెత్తిన" అంది నవ్వుతూ.

"ఇక పొయ్యనులే" అన్నాడు మేస్త్రి.

మేడ మీంచి చూస్తే మిల్లు ఆవరణలో తాపీ పనివాళ్ళు కనిపిస్తున్నారు. రంగు తొట్లకి ఆ మూడు రోజులూ సెలవు; ఇక ఆవిరి కరెంటు బాయిలర్‌తోనే కాబోలు అనుకున్నాడు మేస్త్రి. బాయిలర్ షెడ్డుకీ మిల్లుకీ మధ్య గోడ లేస్తోంది. పాత షెడ్డు జనానికి కనబడకుండా మూసేస్తున్నారు కాబోలు అనుకున్నాడు. ఇటుక మీద ఇటుక పెడుతుంటే మూడు రోజులు కూర్చుని చూశాడు కూడా. గోడలో ఒకచోట గుండ్రటి కన్నం వదిలేశారు. పాత ఆవిరి పైపు అందులోంచే వెళ్తోంది, దానికి కొత్తగా ఆకుపచ్చ రంగు వేశారు.

శుక్రవారం పొద్దున వాసనకి మెలకువ వచ్చింది. గుమ్మంలోకి వచ్చి చూశాడు. పొగగొట్టంలోంచి నల్లగా, ముద్దలు ముద్దలుగా పొగ. ఆ నలుపు చూడగానే సంగతి తెలిసిపోయింది. చల్లబడిన బాయిలర్‌ని ఎవడో తొందరపడి, పచ్చిబొగ్గు కుమ్మరించి వేడెక్కిస్తున్నాడు. నెమ్మదిగా ఒక పగలంతా తీసుకోవాల్సిన వేడిని గంటలో ఎక్కిస్తే అతుకులు విడిపోతాయి. చొక్కా గుండీలు పెట్టుకుంటూనే పరుగెత్తాడు.

గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. రోజూ మేస్త్రి సైకిలు తనే పట్టుకుని స్టాండు వేసే మనిషి. "ఇటు కాదు మేస్త్రీ. అది ఇప్పుడు వేరే కంపెనీ అట. వెనకవైపు గేటు పెట్టారు" అన్నాడు, మొహం ఎటో తిప్పుకుని. అతని తలపైన గేటుకి కొత్త బోర్డు: పొగలేని మిల్లు.

గోడ చుట్టూ తిరిగి వెళ్ళేసరికి మేస్త్రికి ఆయాసం వచ్చింది. వెనక రేకు గేటు, దాని మీద అరచేయంత బోర్డు, ఆవిరి సరఫరా చేయబడును అని. లోపల తెల్లదొర పార పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

"నువ్వొస్తావనే అనుకున్నా" అన్నాడు. "నాకేం తెలుసు మేస్త్రీ, వెయ్యమన్నారు, వేస్తున్నా."

గాజుగొట్టంలో నీళ్ళు అడుగుకి జారిపోయాయి. బాయిలర్ లోపల్నుంచి మూలుగుతోంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చు. ఏం జరిగితే నాకేంటి అనుకోవచ్చు. కానీ అవతల గోడ పక్కనే నూట యాభై మంది రంగు తొట్ల దగ్గర నిలబడి ఉన్నారు, ఇవతల తెల్లదొర ఉన్నాడు. మేస్త్రి చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. గాలి తలుపు సగం మూశాడు. సగం బొగ్గు బయటికి లాగించాడు. పంపు వేసి చారెడు చారెడుగా నీళ్ళు ఎక్కించాడు. అతుకు అతుకునీ తడిమి చూస్తూ, గోడ మీద ఎండ కిందికి దిగేదాకా అక్కడే ఉన్నాడు. ప్రెషర్ ముల్లు అసలు చోటుకి వచ్చాక గాని తను చేసిన పని తనకి తెలియలేదు. మళ్ళీ వెలిగించింది తన చేతులే.

అప్పుడు వచ్చాడు మేనల్లుడు, వెనక గేటులోంచి, బూట్లకి బొగ్గు అంటకుండా చూసుకుని నడుస్తూ.

"కోప్పడకుండా విను మావయ్యా" అన్నాడు.

"చెప్పు."

"సోలార్ పలకలు లైట్లు వెలిగిస్తాయి, మిషన్లు తిప్పుతాయి. రంగు పట్టాలంటే నీళ్ళు మరగాలి కదా. అంత ఆవిరి కరెంటుతో పుట్టించే బాయిలర్ రావడానికి ఏడాది పైనే పడుతుంది. ఈలోగా బొగ్గుతో చేసిన సరుకైతే సరిహద్దులో సుంకం వేస్తామని బట్టలు కొనే దేశం వాళ్ళు కూర్చున్నారు. పొగ మానేస్తేనే తక్కువ వడ్డీకి అప్పు అని బ్యాంకు వాళ్ళు కూర్చున్నారు. రెండూ పోతే మిల్లు మూతే. అప్పుడు అందరం ఇంటికే."

"అందుకని గోడ కట్టారు."

"గోడ కాదు, కంపెనీ వేరు. మిల్లు ఇప్పుడు ఆవిరి బయట కొనుక్కుంటోంది."

"పొగ అదే కదరా."

"లెక్కలో అదే కాదు మావయ్యా. మిల్లు లెక్కలో పొగ లేదు. మిల్లు దగ్గర కొన్న బట్టల కంపెనీ లెక్కలోనూ లేదు. వాళ్ళు మా దేశంలో తగ్గిందంటారు, మనవాళ్ళు మన దేశంలో తగ్గిందంటారు."

"మరి తగ్గిందెక్కడ?"

మేనల్లుడు చేతి గడియారం చూసుకున్నాడు. పొగలేని మిల్లని కొత్తగా ఇంకో పెద్ద ఆర్డరు వచ్చిందని, రోజుకి ఏడు టన్నుల బొగ్గు సరిపోదని, రేపటి నుంచి పది వెయ్యాలని, నీళ్ళు నములుతూ చెప్పాడు. మేస్త్రికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నీళ్ళు ఉంచమన్నావే, అందుకేనా" అన్నాడు.

వాడు తల ఊపాడు. "నీకు అర్థమయ్యే ఉంటుంది అనుకున్నా మావయ్యా."

మేస్త్రికి తల తీసేసినట్టయింది. తను మోసపోవడం కూడా వీడికి ఒక ఒప్పుకోలు కింద పనికొచ్చింది.

"మీ అమ్మకి చెప్పావా?"

"నువ్వు చెప్పు. నువ్వు చెబితే వింటుంది."

"నీ మాట మీదే కదరా అర్జీ ఆపించాను."

"ఏడాదే కదా" అన్నాడు వాడు, పోతూ పోతూ.

అక్కకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. శుక్రవారం నాటి దుప్పట్లలో పదకొండు శనివారం వెనక్కి వచ్చాయి. బాయిలర్‌ని మళ్ళీ తెలియని చేతుల్లో వదల్లేక ఆ రోజూ పనికెళ్ళిన మేస్త్రి ఇంటికొచ్చేసరికి ఆవిడ వాటిని మంచం మీద పరిచి, మసి ఉన్న ప్రతి చోటా సున్నాలాగా ఆసుపత్రి వాళ్ళు గీసిన నీలం పెన్సిలు గుర్తుల్ని వేలితో తడుముతోంది.

"వెలిగించింది నువ్వేనా?" అంది.

"బాయిలర్ పేలిపోయేదక్కా..."

"వెలిగించింది నువ్వేనా అని అడిగాను."

"నేనే."

ఆవిడ లేచింది. పదకొండు దుప్పట్లనీ మిషన్‌లో వేసి మూత పెట్టింది. అవి ఉతికినా ఇక ఎవరికీ పనికిరావు, ఆసుపత్రి వాళ్ళు వాటి ఖరీదు రాసిచ్చిన చీటీ గూట్లో ఉంది. అయినా ఉతికింది. ఆదివారం మేస్త్రి గది గుమ్మంలో పళ్ళెం మూతపెట్టి ఉంది, పిలుపు మాత్రం లేదు. సోమవారమూ అంతే. అక్క తిట్టి ఉంటే తిని ఉండేవాడు.

మంగళవారం మిల్లుకి తనిఖీ. బట్టల కంపెనీ తరఫున ఒకావిడ వస్తుందని, పదకొండింటికి మడ్డి వదలొద్దని మేనల్లుడు ముందురోజే కబురు పంపాడు. బాయిలర్ అడుగున చేరే మడ్డిని రోజుకోసారి వాల్వు తెరిచి ఆవిరితో సహా బయటికి కొట్టాలి. ఆ మోతకి వీధి వీధంతా గడియారాలు దిద్దుకుంటుంది. ఇరవై రెండేళ్ళలో బాయిలర్ వెలిగిన ఏ రోజూ తప్పలేదు. ఒక్కరోజు మానితే కొంప మునగదు నిజమే. కానీ మానమన్నది ఎందుకో తెలిశాక మేస్త్రి చేతులు ఊరుకోలేదు.

బాయిలర్ మెట్ల మీదికెక్కి నిలబడితే గోడ మీంచి మిల్లు ఆవరణ కనిపిస్తుంది. పదకొండుకి అయిదు నిమిషాలుండగా ఆవిడ కనిపించింది. తెల్లచొక్కా, చేతిలో కాగితాలు గుచ్చిన అట్ట, ముక్కు మీద కళ్ళజోడు. వేలితో ఒక్కొక్కటే సోలార్ పలకలు లెక్కపెట్టుకుంటోంది, నిక్కచ్చి మనిషిలాగే ఉంది. మేస్త్రికి ఎందుకో ఆశ పుట్టింది. ఈవిడకి ఒక్కసారి వినబడితే చాలు, మిగతాది ఆవిడే అడుగుతుంది.

సరిగ్గా పదకొండింటికి వాల్వు తిప్పాడు. నేల అదిరేలా మోత. తెల్లటి ఆవిరి మేఘం గోడ దాటి వెళ్ళి మిల్లు ఆవరణలో పడింది. వాల్వు మూసి, చెవులు రిక్కించి నిలబడ్డాడు.

"ఏమిటది?" అంది ఆవిడ.

"పక్క కంపెనీ మేడమ్. ఆవిరి వాళ్ళ దగ్గరే కొంటున్నాం" అన్నాడు మేనల్లుడు. గొంతు కాస్త కూడా తడబడలేదు.

"వాళ్ళేం కాలుస్తారు?"

"రంపపు పొట్టు. చెట్టు నుంచి వచ్చిందే కాబట్టి దాని పొగ లెక్కలోకి రాదు. ఆ కంపెనీ యజమాని సంతకంతో ఇచ్చిన ధ్రువపత్రం ఉంది."

మేస్త్రి వెనక్కి తిరిగి చూశాడు. షెడ్డులో నడుమెత్తు బొగ్గు కుప్ప, దాని మీద తెల్లదొర కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. రంపపు పొట్టు అన్నది అక్కడ చిటికెడు కూడా లేదు.

ఆవిడ తలెత్తి పొగగొట్టాన్ని చూసింది. తల దించేటప్పుడు మెట్ల మీది మేస్త్రినీ చూసింది. నల్లటి చేతులు, నల్లటి తువ్వాలు. ఒక్క క్షణం ఇద్దరూ చూసుకున్నారు. ఆవిడకి తెలిసిపోయింది. తెలిసిందని మేస్త్రికీ తెలిసింది.

"పత్రం ఉంటే చాలు" అంది ఆవిడ, మేనల్లుడి వైపు తిరిగి. "గోడ అవతల చూడమని నాకెవరూ చెప్పలేదు." చొక్కా చేతి మీద వాలిన మసి చుక్కని గోటితో మీటేసి, అట్ట మీద ఏదో రాసుకుంది. తర్వాత ఇద్దరూ సోలార్ పలకల దగ్గర ఫోటో తీసుకున్నారు.

మేస్త్రి మెట్ల మీదే కూలబడ్డాడు. మోసం చేసేవాళ్ళకి భయం ఉంటుంది, బయటపడితే మోసం ఆగుతుంది అని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఇక్కడ బయటపడ్డానికి ఏమీ లేదు, అంతా బయటే ఉంది.

బుధవారం అతను ఇంటికొచ్చేసరికి అక్క ఇంకా చెప్పులు విప్పలేదు. మంచి చీర కట్టుకుని, గోడకి చేరబడి నేల మీద కూర్చుంది. పక్కనే అరవై సంతకాల అర్జీ, సబ్బు వాసన వేస్తూ.

"పొగ కొలిచే ఆఫీసుకి వెళ్ళొచ్చాను" అంది. నాలుగు రోజుల తర్వాత అదే మొదటి మాట. మేస్త్రి ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"తీసుకున్నారా?"

"లేదు. మిల్లుకి పొగగొట్టమే లేదన్నారు. ఉన్న పొగగొట్టం ఇంకో కంపెనీది, మీరు తప్పు పేరు మీద రాశారు, పేరు దిద్దుకురండి అన్నారు. పాపం అక్కడి గుమాస్తా మంచివాడు. దిద్దుకోవడానికి వీలుగా ఆ కంపెనీ కాగితం నకలు తీసిచ్చాడు."

చేతిసంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి తమ్ముడి ముందు పెట్టింది. మేస్త్రి కళ్ళజోడు తెచ్చుకున్నాడు. ఆవిరి సరఫరా కంపెనీ. వాడే ఇంధనం, రంపపు పొట్టు. పొగకీ, బూడిదకీ, ఏదైనా ప్రమాదం జరిగితే దానికీ పూర్తి బాధ్యత యజమానిదే. యజమాని అన్న మాటకెదురుగా తన పేరు, తండ్రి పేరు, ఈ ఇంటి నంబరు. కింద తన సంతకం. చివర కొస కాస్త వంకరగా ఉంది. రేకు మీద పెట్టి రాసినప్పుడు పెన్ను జారింది, ఆ వంకర అతనికి బాగా గుర్తు.

కాగితాన్ని రెండోసారి చదివాడు. మూడోసారి చదవబోతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి.

"నీకు తెలియదా?" అంది అక్క.

అతను తల అడ్డంగా ఊపాడు.

"నాకు తెలుసు నీకు తెలియదని" అంది ఆవిడ. "అక్కడే తెలిసింది. ఆ గుమాస్తా ముందు కుర్చీలో కూర్చుని, నా కొడుకు ఇంత పని చేశాడని నేనెవరికి చెప్పుకోను? లేచి వచ్చేశాను." ఆవిడ కళ్ళు ఒత్తుకోలేదు. అర్జీని దగ్గరికి లాక్కుని, మిల్లు పేరున్న వరసని చూపుడువేలితో చూపించింది. "ఇక్కడ పేరు దిద్దితే తీసుకుంటారట. నువ్వు చెప్పు తమ్ముడూ. దిద్దమంటావా?"

మేస్త్రి ఆ వరస చదివాడు. వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని మిల్లంతా తిప్పాడు. వాడు సంతకం పెట్టమంటే తొమ్మిది చోట్ల పెట్టాడు. ఇంకా నయం, తొమ్మిదే అడిగాడు. తొంభై అడిగినా పెట్టేవాడు.

"దిద్దు" అన్నాడు. "పెన్ను ఇలా తే. నేనూ పెడతాను."

అరవయ్యో సంతకం కింద తన సంతకం పెట్టాడు. ఈసారి నేల మీద, నున్నగా వచ్చింది.

గురువారం తెల్లవారాక తెల్లదొర పార ఎత్తేసరికి మేస్త్రి అడ్డం నిలబడ్డాడు.

"ఇవాళ బొగ్గు వద్దు. కొక్కెం తే."

"మళ్ళీ ఫోటోనా?"

"ఫోటో లేదు. ఒక్కసారే లాగుతాను."

పొయ్యి తలుపు తెరిచి నిప్పులు లాగాడు. ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, కడ్డీల మీద అతుక్కున్న గడ్డల్ని కొక్కెంతో పొడిచి విరిచి, వరసగా బయటికి. తెల్లదొర ఏమీ అడక్కుండా నీళ్ళు చల్లాడు. ఆఖరున పొయ్యి లోపల ఎర్రదనం పూర్తిగా పోయేదాకా మేస్త్రి కళ్ళార్పకుండా చూశాడు. ప్రెషర్ ముల్లు నెమ్మదిగా కిందికి జారడం మొదలుపెట్టింది. గోడ అవతల రంగు తొట్లు ఒక్కొక్కటే చల్లబడుతున్నట్టు మోతలో తేడా తెలుస్తోంది. తొమ్మిదయ్యేసరికి మిల్లు నిశ్శబ్దం అయిపోయింది. సోలార్ పలకల కింద ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి.

మేనల్లుడు వెనక గేటులోంచి పరుగెత్తుకొచ్చాడు. ఈసారి బూట్లు చూసుకోలేదు.

"ఏంటి మావయ్యా ఇది? సగం రంగు పట్టిన గుడ్డ తొట్లలో ఉండిపోయింది. ఎవర్నడిగి ఆర్పావు?"

"కంపెనీ యజమానిని అడిగాను" అన్నాడు మేస్త్రి. "సరే అన్నాడు."

వాడి మొహంలో రక్తం లేదు. మేస్త్రి చొక్కా జేబులోంచి నకలు కాగితం తీసి, మడతలు విప్పి, బాయిలర్ వీపు మీద పరిచాడు.

"ఎందుకురా?" అన్నాడు. గొంతు తను అనుకున్నదానికంటే మెల్లగా వచ్చింది. "ఊరంతా ఉండగా నా పేరే దొరికిందా?"

"ఎవరో ఒకరి పేరు పెట్టాలన్నారు మావయ్యా. నమ్మకమైన మనిషి కావాలన్నారు. నాకు నువ్వే గుర్తొచ్చావు." వాడు నిజంగానే ఏడుస్తున్నాడు. "నీకేం కాకుండా చూసుకుందామనే అనుకున్నా."

ఆ మాట అబద్ధం కాదని మేస్త్రికి తెలుసు. అందుకే అది అన్నిటికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచి, అడుగునున్న వాల్వు దగ్గరికి వెళ్ళి ముక్కాలి పీట వేసుకున్నాడు. రేకు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ఇంకా కాలుతోంది. వేడి మీద నీళ్ళు వదిలితే గొట్టాలు పాడవుతాయి, పూర్తిగా చల్లారాలి.

"నీళ్ళు తీసెయ్యకు" అన్నాడు మేనల్లుడు వెనక నుంచి. "నువ్వు ఆర్పి లాభం లేదు మావయ్యా. రేపటికల్లా వేరే పేరు పెట్టేస్తారు. ఇంకొకణ్ణి తెచ్చి వెలిగిస్తారు."

"పెట్టనీ. పేరు మార్చాలంటే నా సంతకం కావాలి కదా?"

"కావాలి."

"అయితే కాగితాలు తీసుకురా" అన్నాడు మేస్త్రి, చెయ్యి వాల్వు చక్రం మీద వేసి. "కళ్ళజోడు తెచ్చుకున్నాను. ఈసారి చదువుతాను."